మాత్ర ఒకటే, లివర్ వేగాలు వేరు

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏ ఆసుపత్రికి వెళ్లినా ఓపీ చీటీ మీద ముందుగా రాసేవి మూడు: పేరు, వయసు, పక్కనే ఎమ్ లేదా ఎఫ్. వయసు ప్రభావం మందు మోతాదులో కనిపిస్తూనే ఉంటుంది. పిల్లల సిరప్‌ను బరువు చూసి లెక్కగడతారు, పెద్దవయసు వాళ్లకు తగ్గిస్తారు. పక్కనున్న ఆ ఒక్క అక్షరం మాత్రం మోతాదు దాకా వెళ్లడం చాలా అరుదు. 48 కిలోల గృహిణికీ 80 కిలోల లారీ డ్రైవరుకీ అదే మాత్ర, అన్నే పూటలు.

చాలా మందుల విషయంలో దీనివల్ల ఇబ్బంది రాదు. కొన్నిటి విషయంలో వస్తుంది. ఆ కొన్నిటిని అర్థం చేసుకోవాలంటే లివర్ పని తీరు తెలియాలి, ఆ పనిని హార్మోన్లు ఎలా నడిపిస్తాయో కూడా తెలియాలి.

ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ నిద్రమాత్ర జోల్పిడెమ్. అమెరికాలో 1992లో అనుమతి వచ్చిన మందు ఇది. ఇరవై ఏళ్లపాటు ఆడవాళ్లకూ మగవాళ్లకూ 10 మిల్లీగ్రాములే ఇచ్చారు. 2013 జనవరిలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడవాళ్ల మోతాదును సగానికి, అంటే 5 మిల్లీగ్రాములకు తగ్గించమంది. రాత్రి మాత్ర వేసుకున్న ఎనిమిది గంటల తర్వాత రక్తంలో ఎంత మందు మిగిలిందో చూస్తే, వాహనం నడపడానికి ప్రమాదకరమైన స్థాయి ఆడవాళ్లలో దాదాపు 15 శాతం మందిలో కనిపించింది. మగవాళ్లలో అది 3 శాతం. తెల్లవారాక పిల్లల్ని స్కూటీ మీద బెంజ్ సర్కిల్ దాటించి స్కూల్లో దింపే తల్లికి ఆ తేడా చిన్నదేమీ కాదు.

అయితే ఈ నిర్ణయాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఐరోపా నియంత్రణ సంస్థ 2014లో ఇదే సమాచారాన్ని పరిశీలించి, ఆడ మగ తేడా లేకుండా పాత మోతాదునే ఉంచింది. రక్తంలో మందు ఎక్కువగా ఉన్నంత మాత్రాన ప్రమాదాలు అదే లెక్కన పెరుగుతాయని తేలలేదని తర్వాత కొందరు పరిశోధకులు వాదించారు. ఆ వాదనలో బలం ఉంది. కానీ రక్తంలో తేడా ఉందన్న సంగతిని వాళ్లూ కాదనలేదు. ఆ తేడా ఎక్కడ పుడుతోందన్నదే అసలు ప్రశ్న.

మింగిన మాత్ర పేగుల్లో కరిగి, అక్కడి రక్తంతో నేరుగా లివర్‌కు చేరుతుంది. కిలోన్నర బరువుండే ఈ అవయవం దాటాకే మిగతా ఒంటికి అందుతుంది. మందుల్లో చాలావరకు కొవ్వులో కరిగే రకం. అలాగే ఉంటే కిడ్నీలు వాటిని మూత్రంలోకి వదల్లేవు. అందుకని లివర్ వాటిని నీటిలో కరిగేలా మారుస్తుంది. మొదట మందు అణువుకు చిన్న మార్పు చేస్తుంది, తర్వాత దానికి చక్కెరలాంటి మరో అణువును తగిలించి బయటికి పంపుతుంది. మొదటి పనిని ఎక్కువగా చేసేవి సైటోక్రోమ్ పీ450 ఎంజైములు. కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసినప్పుడు 450 నానోమీటర్ల కాంతిని పీల్చుకునే వర్ణకం కాబట్టి 1962లో ఒమురా, సాతో అనే జపాన్ శాస్త్రవేత్తలు ఆ పేరు పెట్టారు. మనిషిలో వీటికి 57 జన్యువులున్నా, మందుల భారాన్ని మోసేవి అందులో ఓ ఏడెనిమిదే. వాటిలో పెద్దది సీవైపీ 3ఏ4. వాడుకలో ఉన్న మందుల్లో మూడో వంతు నుంచి సగం దాకా దీని చేతుల మీదుగానే పోతాయి.

‘ఆడవాళ్ల లివర్ నిదానం, మగవాళ్లది చురుకు’ అని ఒక్క మాటలో తేల్చేయడం ఇక్కడే తప్పవుతుంది. 3ఏ4 ఎంజైము ఆడవాళ్ల లివర్‌లోనే ఎక్కువ. లివర్ ముక్కలను పరీక్షించినప్పుడు మగవాళ్లకంటే దాదాపు రెండింతలు కనిపించింది. అందుకే ఎరిత్రోమైసిన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ లాంటివి శరీర బరువుతో లెక్కేస్తే ఆడవాళ్లలోనే త్వరగా ఖర్చవుతాయి. కాఫీలోని కెఫీన్‌నీ, ఆయాసానికి వాడే థియోఫిలిన్‌నీ కరిగించే 1ఏ2 అనే ఎంజైము మాత్రం మగవాళ్లలో ఎక్కువ. పారాసెటమాల్‌కు చక్కెర అణువు తగిలించే రెండో దశ కూడా మగవాళ్లలో కాస్త వేగం. బీపీకి వాడే మెటోప్రొలాల్ ఒకే మోతాదులో ఇచ్చినా ఆడవాళ్ల రక్తంలో ఎక్కువ స్థాయికి చేరుతుంది. అంటే మొత్తం లివర్‌కు ఒకే వేగం లేదు, ఒక్కో ఎంజైముకు ఒక్కో వేగం.

మరి జోల్పిడెమ్‌ను ఎక్కువగా కరిగించేది కూడా 3ఏ4 ఎంజైమే కదా, ఆ ఎంజైము ఎక్కువగా ఉన్న ఆడవాళ్లలోనే మందు ఎందుకు నిలిచిపోతోంది? ఈ చిక్కు చాలామందిని ఆలోచింపజేసింది. బరువు తేడా కొంత కారణం, కానీ బరువును సరిచేసి లెక్కేసినా తేడా పూర్తిగా పోదు. ప్రయోగశాలలో మగ హార్మోను టెస్టోస్టెరాన్ కలిపినప్పుడు ఇదే ఎంజైము జోల్పిడెమ్‌ను మరింత వేగంగా మార్చింది. వయసు పైబడి టెస్టోస్టెరాన్ తగ్గిన మగవాళ్లలో ఈ మందు ఎక్కువసేపు నిలుస్తుందన్న పరిశీలన కూడా దీనికి కలుస్తుంది. ఎంజైము ఎంత ఉందన్నది ఒక లెక్కయితే, దాని పక్కన ఏ హార్మోను ఉందన్నది ఇంకో లెక్క.

హార్మోన్లకూ లివర్‌కూ ఉన్న ఈ సంబంధం మొదట ఎలకల్లో బయటపడింది. 1932లో నికొలాస్, బారన్ అనే ఇద్దరు ఎలకలకు మత్తు ఇస్తూ ఒక సంగతి గమనించారు. మగ ఎలకకు కావలసిన మందులో సగంతోనే ఆడ ఎలక నిద్రపోతోంది. కారణం తెలియడానికి దశాబ్దాలు పట్టింది. ఆడ హార్మోను ఈస్ట్రోజన్, మగ హార్మోను టెస్టోస్టెరాన్ నేరుగా లివర్‌కు ఆజ్ఞలిస్తున్నాయని అందరూ అనుకున్నారు. అసలు ఆజ్ఞ పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే గ్రోత్ హార్మోన్‌దని తర్వాత తేలింది. అందులోనూ ఆ హార్మోను ఎంత వస్తోందన్నదానికంటే ఏ తీరున వస్తోందన్నదే ముఖ్యం.

మున్సిపాలిటీ కుళాయిని తలుచుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది. కొన్ని వీధుల్లో పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నీళ్లు జోరుగా వచ్చి, మధ్యలో చుక్క కూడా రాదు. ఇంకో వీధిలో సన్నని ధార రోజంతా కారుతూనే ఉంటుంది. రోజు మొత్తానికి బిందెలు లెక్కపెడితే రెండు చోట్లా ఇంచుమించు ఒకటే కావచ్చు. కానీ ఆ రెండు ఇళ్లలో పనులు జరిగే తీరు పూర్తిగా వేరు. మగ ఎలకలో గ్రోత్ హార్మోన్ మొదటి వీధి కుళాయి లాంటిది. సుమారు మూడున్నర గంటలకోసారి ఉధృతంగా వచ్చి, మధ్యలో దాదాపు సున్నాకు పడిపోతుంది. ఆడ ఎలకలో అది రెండో వీధి ధార. లివర్ కణంలో స్టాట్5బీ అనే ప్రొటీన్ ఈ తేడాను పసిగట్టి, మగ ఎంజైముల జన్యువులను తెరవాలో ఆడ ఎంజైముల జన్యువులను తెరవాలో నిర్ణయిస్తుంది. మగ ఎలకకు గ్రోత్ హార్మోన్‌ను చిన్న పంపుతో ఆగకుండా ఎక్కిస్తే కొద్ది రోజుల్లోనే దాని లివర్ ఆడ ఎలక లివర్‌లా పనిచేయడం మొదలుపెడుతుంది. వృషణాలు ఉన్నాయి, టెస్టోస్టెరాన్ ఉంది, అయినా లివర్ మారిపోయింది. జీవశాస్త్రంలో ఇంత అందమైన ప్రయోగాలు తక్కువ.

ఈ ఎలకల కథను ఉన్నదున్నట్టు మనుషులకు అంటగట్టకూడదు. మనుషుల్లోనూ మగవాళ్ల గ్రోత్ హార్మోన్ ఎక్కువగా రాత్రి నిద్రలో పెద్ద అలగా వస్తుంది, ఆడవాళ్లలో చిన్న అలలు తరచుగా వస్తాయి, మధ్యలో కూడా కొంత నిలిచి ఉంటుంది. కానీ మనలో ఎంజైముల తేడా ఎలకల్లోలా కొన్ని పదుల రెట్లు ఉండదు. మందు ఖర్చయ్యే వేగంలో తేడా చాలావరకు పావు వంతు, మూడో వంతు దగ్గరే ఆగుతుంది. అలాగే నెలసరి రోజులను బట్టి మందుల వేగం మారిపోతుందని చాలామంది భయపడతారు. ఎక్కువ మందుల విషయంలో ఆ మార్పు లెక్కలోకి తీసుకునేంత లేదు. నెలసరి వచ్చిందని బీపీ మాత్ర ఆపేయడం, తగ్గించుకోవడం దేనికీ పనికిరాని పని.

పుట్టుకతో వచ్చిన తేడాకూ అలవాటుతో వచ్చిన తేడాకూ మధ్య గీత గీయడం ఒక్కోసారి కష్టం. దీనికి గుంటూరుకు బాగా తెలిసిన పంటే ఉదాహరణ. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. సిగరెట్, చుట్ట, బీడీ ఏది కాల్చినా ఆ పొగలోని తారు పదార్థాలు లివర్‌లో 1ఏ2 ఎంజైమును పెంచుతాయి. కాల్చకుండా నమిలితే ఈ పెరుగుదల ఉండదు, ఎందుకంటే ఇది నికోటిన్ చేసే పని కాదు, పొగ చేసే పని. మన దగ్గర పొగ తాగేది ఎక్కువగా మగవాళ్లే కాబట్టి, థియోఫిలిన్ మగవాళ్లలో త్వరగా ఖర్చవుతోందంటే అందులో హార్మోన్ల వాటా ఎంత, చుట్ట వాటా ఎంత అని విడదీసి చూడాలి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల లివర్‌లోనూ ఆ ఎంజైము అలాగే పెరుగుతుంది. థియోఫిలిన్ వాడుతూ ఉన్నట్టుండి పొగ మానేస్తే కొద్ది రోజుల్లో ఎంజైము తగ్గి, పాత మోతాదే ఎక్కువైపోతుంది. గుండెదడ, వాంతులు రావచ్చు. పొగ మానడం ఎంతో మంచిది, ఆ సంగతి డాక్టరు చెవిన వేయడం తప్పనిసరి.

నికోటిన్ సంగతి ఇంకోలా ఉంటుంది. దాన్ని కరిగించేది 2ఏ6 ఎంజైము. దీన్ని ఈస్ట్రోజన్ పెంచుతుంది. అందుకే నికోటిన్ మగవాళ్లలోకంటే ఆడవాళ్లలో త్వరగా పోతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఇంకా త్వరగా, గర్భిణుల్లో మామూలుకంటే సుమారు 60 శాతం వేగంగా పోతుంది. ఒంట్లో త్వరగా తగ్గిపోతుంది కాబట్టి మళ్లీ కావాలన్న తహతహ కూడా త్వరగా వస్తుంది. ఆడవాళ్లకు ఈ అలవాటు మానడం ఎందుకు ఎక్కువ కష్టమవుతోందో చెప్పే కారణాల్లో ఇదొకటి.

ఇవన్నీ ఇంత ఆలస్యంగా ఎందుకు తెలిశాయి? 1950ల చివర్లో, 1960ల మొదట్లో గర్భిణులు వాడిన థాలిడోమైడ్ అనే మందు వల్ల వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టాక, గర్భం దాల్చే వయసులో ఉన్న స్త్రీల మీద మందులు పరీక్షించాలంటే ప్రపంచమంతా భయపడింది. 1977లో ఎఫ్‌డీఏ అలాంటి స్త్రీలను తొలిదశ పరీక్షల నుంచి దూరంగా ఉంచమంది. 1993లో గానీ ఆ నిబంధనను వెనక్కి తీసుకోలేదు. ఆ భయంలో మానవత్వం ఉంది, దాన్ని తప్పు పట్టలేం. తప్పు పట్టాల్సింది ఇంకో వాదనను. ఆడవాళ్లలో హార్మోన్లు మారుతుంటాయి కాబట్టి ఫలితాలు చిందరవందర అవుతాయని చెప్పి వాళ్లను పక్కన పెట్టారు. ఫలితాలు మారతాయని ముందే తెలిస్తే, కొలవాల్సింది సరిగ్గా ఆ మార్పునే. 1997 నుంచి 2000 మధ్య అమెరికా మార్కెట్ నుంచి తప్పించిన పది మందుల్లో ఎనిమిది ఆడవాళ్లకే ఎక్కువ ముప్పు తెచ్చాయని 2001లో అక్కడి ప్రభుత్వ నివేదిక తేల్చింది. వాటిలో నాలుగు ఆడవాళ్లు ఎక్కువగా వాడిన మందులు కావడం కూడా ఒక కారణం. మిగతావాటికి ఆ కారణం చెప్పలేం.

ఆడ మగ తేడాకంటే నిత్యజీవితంలో ఎక్కువ పట్టించుకోవాల్సింది, ఒకే మనిషిలో హార్మోన్లు మారినప్పుడు లివర్ వేగం మారడం. గాంధీనగర్‌లో ఇడ్లీ తిన్నాక తాగే ఫిల్టర్ కాఫీతోనే దీన్ని చూడొచ్చు. మామూలుగా కెఫీన్‌లో సగం ఖర్చవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అది దాదాపు రెట్టింపవుతుంది. గర్భం చివరి నెలల్లో పదిహేను గంటల దాకా వెళ్తుంది. ఎప్పుడూ సాయంత్రం నాలుగింటికి కాఫీ తాగినా హాయిగా నిద్రపోయే మనిషి, ఏడో నెలలో రాత్రంతా మేలుకుని ‘బిడ్డ కదులుతోంది, అందుకే నిద్ర పట్టట్లేదు’ అనుకుంటుంది. నాలుగింటి కాఫీలో సగానికి పైగా అర్ధరాత్రి కూడా ఒంట్లోనే ఉంది.

కాఫీతో నిద్ర చెడుతుంది, అంతే. గర్భనిరోధక మాత్రల విషయంలో పొరపాటు జీవితాన్నే మార్చేస్తుంది. టీబీకి ఆరు నెలలు వాడే మందుల్లో రిఫాంపిసిన్ ఒకటి, మూత్రాన్ని నారింజ రంగులోకి మార్చేది అదే. ఇది లివర్ కణంలోని పీఎక్స్ఆర్ అనే గ్రాహకాన్ని తట్టి 3ఏ4 ఎంజైమును బాగా పెంచేస్తుంది. పెరిగిన ఎంజైము మాలా-ఎన్ లాంటి మాత్రల్లోని హార్మోన్లను వేగంగా కరిగించేస్తుంది. మాత్ర ఒక్కరోజు కూడా మానకుండా వేసుకున్నా గర్భం రావచ్చు. ఈ సంగతి 1971లోనే జర్మనీ వైద్యులు రాశారు. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ కూడా ఇదే పని చేస్తాయి. మన ఊళ్లలో చాలాసార్లు టీబీ మందులు వేసుకుంటున్నారో లేదో చూసేదీ, గర్భనిరోధక మాత్రలు ఇంటికి తెచ్చి ఇచ్చేదీ ఒకే ఆశా కార్యకర్త. రెండూ ఒకే సంచిలో ఉన్నప్పుడు ‘ఈ ఆరు నెలలూ, ఆపాక ఇంకో నెలా ఈ మాత్రల మీద నమ్మకం పెట్టుకోవద్దమ్మా, కాపర్-టీ గురించి డాక్టరమ్మని అడుగు’ అని ఆమె ఒక్క మాట చెప్పగలిగితే చాలు. ఆ మాట ఆమెకు ఎవరైనా ముందు నేర్పాలి.

అదే మాత్రల ప్యాకెట్‌లో దీనికి తిరగబడ్డ కథ ఇంకొకటి ఉంది. ఫిట్స్‌కు వాడే లామోట్రిజిన్‌ను లివర్ రెండో దశ ఎంజైముతో బయటికి పంపుతుంది. ఈస్ట్రోజన్ ఆ ఎంజైమును ఉరకలేయిస్తుంది. గర్భనిరోధక మాత్రలు మొదలుపెడితే లామోట్రిజిన్ రక్తంలో సగానికి పడిపోగలదు. ప్యాకెట్‌లో 28 మాత్రలుంటే అందులో హార్మోన్ ఉన్నవి 21, మిగతా ఏడూ ఐరన్. ఆ ఏడు రోజుల్లో ఈస్ట్రోజన్ ఉండదు కాబట్టి లామోట్రిజిన్ మళ్లీ పైకి లేస్తుంది. నెలలో మూడు వారాలు ఫిట్స్ భయం, ఒక వారం మత్తు, తూలుడు. రెండు మందుల్నీ ఇద్దరు వేర్వేరు డాక్టర్లు రాసి ఉంటే, ఈ లెక్క ఎవరికీ అందదు.

గర్భంలో ఇది మరీ ఎక్కువ. నెలలు నిండేసరికి ఈస్ట్రోజన్ మామూలు స్థాయికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. లామోట్రిజిన్ బయటికి పోయే వేగం రెండు మూడు రెట్లవుతుంది. అందుకే రక్తపరీక్షలు చూసుకుంటూ డాక్టర్లు మోతాదును నెలనెలా పెంచుతారు. థైరాయిడ్ మాత్ర కూడా నాలుగో వంతు నుంచి సగం దాకా పెంచాల్సి వస్తుంది. దానికి కారణం వేరు. ఈస్ట్రోజన్ ప్రభావంతో లివర్ థైరాయిడ్ హార్మోన్‌ను పట్టుకుని ఉంచే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది, బిడ్డ అవసరం కూడా దానికి తోడవుతుంది. ప్రసవమై మాయ బయటికి వచ్చిన గంటలోనే ఈస్ట్రోజన్ పడిపోవడం మొదలవుతుంది. లివర్ ఎంజైములు సర్దుకోవడానికి రెండు మూడు వారాలు చాలు. అంటే 21వ రోజు బారసాల చేసే సమయానికి లామోట్రిజిన్ వేగం పాత స్థితికి వచ్చేసి ఉంటుంది. గర్భంలో పెంచిన మోతాదు అప్పటికీ అలాగే నడుస్తుంటే రక్తంలో మందు పేరుకుపోతుంది. బాలింత తూలుతుంది, చూపు రెండుగా కనిపిస్తుంది, మగతగా ఉంటుంది. పక్కనున్నవాళ్లు ‘పచ్చి ఒళ్లు, నీరసం’ అనుకుంటారు. చంకలో బిడ్డ ఉన్న మనిషి తూలితే ఆ ప్రమాదం ఇద్దరికి.

మన ఆచారం దీన్ని ఇంకొంచెం కష్టం చేస్తుంది. తొలి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకెళ్తారు. మోతాదు పెంచుతూ వచ్చిన డాక్టరు గుంటూరులో ఉంటాడు, కాన్పు చేసే డాక్టరమ్మ తెనాలిలోనో నరసరావుపేటలోనో ఉంటుంది. పెంచడం ఒక ఊళ్లో, తగ్గించడం ఇంకో ఊళ్లో జరగాలి. ఆ రెండో ఊరికి వెళ్లే ఫైల్లో తాజా చీటీలే ఉంటాయి, వాటి మీద పెంచిన మోతాదే ఉంటుంది. కాన్పు చేసే డాక్టరమ్మకు అది మామూలు మోతాదులాగే కనిపిస్తుంది. సొంతంగా తగ్గించుకోవడం, ఆపేయడం మాత్రం చేయకూడదు, ఫిట్స్ వస్తే ప్రాణం మీదకు వస్తుంది. అందుకని పుట్టింటికి బయల్దేరే ముందే గుంటూరు డాక్టరు దగ్గర రెండు సంగతులు రాయించుకోవాలి: గర్భానికి ముందు ఎన్ని మిల్లీగ్రాములు వాడేదో, ప్రసవమైన ఎన్నో రోజు నుంచి ఎంతెంత చొప్పున తగ్గించాలో. ఆ కాగితం ఫైల్లో అన్నిటికంటే పైన ఉండాలి.